రెండో చరణం, మూడో పాదం

మా ఊరికి బొమ్మ పడవ మీద వచ్చేది.
రేకు డబ్బాల్లో, అరటి గెలల పక్కన,
నలభై ఊళ్ళు తిరిగి, అరిగి.
పపలోవాపాన్ నది మీద ఆఖరి రేవు మాదే గనక
అందరూ చూడగా మిగిలిన సినిమా మాకు దక్కేది.

ఆ ఏడాది వచ్చిన దాంట్లో
ఓడరేవుకి ఎదురుగా మేడ కిటికీలో నిలబడి
అంపారో లుయేవనో ఒక బొలెరో పాడుతుంది.
పల్లవి బాగానే సాగుతుంది.
రెండో చరణం మూడో పాదం దగ్గర
కుడివైపున్న ఆమె తల
టక్కున ఎడమకి దూకుతుంది.
నోట్లో మాట నోట్లోనే మాయం.

అక్కడ ఫిల్ము తెగింది.
మాకు ముందు ఏ ఊళ్ళోనో
జనం కుర్చీలు విరగ్గొట్టి "మళ్ళీ వెయ్" అంటే
వెనక్కి తిప్పి, వేసి, మళ్ళీ తిప్పి...
ఎక్కువ ముద్దు చేసిన చోటే తెగుతుంది ఏదైనా,
అనేవాడు మా నాన్న ఎలెయుతేరియో,
అసిటోన్ కంపుకొట్టే వేళ్ళతో ఆ అతుకు తడుముతూ.

పాటని మేం గెంతుతో సహా నేర్చుకున్నాం.
మంగలి నికనోర్ గడ్డం గీస్తూ పాడితే
సరిగ్గా అక్కడ కత్తి గాల్లో ఆగేది.
రొయ్యలు వొలిచే ఆడవాళ్ళు
అక్కడికి రాగానే ఒక తల తుంచేవారు.
పెళ్ళిళ్ళలో బ్యాండు వాళ్ళు
డ్రమ్ము మీద ఒక్క దెబ్బ వేసి దాటేసేవారు.
జోలపాడే తల్లులు అక్కడ ఆగితే
పిల్లలు కళ్ళు తెరిచి చూసేవాళ్ళు, ఏమైందని.

మా మేనత్త ప్రిమితీవా మాత్రం
దాన్ని పాటగా వినలేదు, ఆజ్ఞగా విన్నది.
"నీ ఓడ పొగ కనిపించేదాకా ఈ కిటికీ మూయను"
అని ఉందిగా అందులో. మూయలేదు.
తాంపికో వెళ్ళిన ఓడ వంటవాడి కోసం
ముప్పై ఒక్క వానాకాలాలు
దోమలకీ, జల్లుకీ, ఊళ్ళోవాళ్ళ నాలుకలకీ
తెరిచే ఉంచింది.

ఆ తర్వాతి రేవు పండగకి
మునిసిపాలిటీ దగ్గరున్న డబ్బుకి ఇంకెవరూ దొరక్క
అంపారోనే వచ్చింది.
డెబ్బై దాటిన మనిషి. మోకాలికి పట్టీ.
తెలుపూ నలుపుల్లో తప్ప చూడని మాకు
ఆమె కళ్ళు తేనెరంగువని ఆ రోజే తెలిసింది.

జింకు రేకుల కింద, జనరేటర్ రొదలో పాడింది.
గొంతు జీరపోయింది గానీ తాళం తప్పలేదు.
రెండో చరణం. మూడో పాదం.
ఊరంతా ఒక్కసారిగా దూకింది.
ఆమె దూకలేదు.
తాపీగా, మెట్టు దిగినట్టు పాడింది:
"నువ్వు రాకపోయినా నాకు నిద్ర పడుతుంది."

ఒక్క లిప్త నిశ్శబ్దం. తర్వాత గోల.
"తప్పు! అక్కడ మాట లేదు!"
"అమ్మా, మా పాట మాకు తెలీదా?"
అంటూ నికనోర్ వేదిక దాకా వెళ్ళాడు.
ఇలా, అని తల తిప్పి మరీ చూపించాడు.
ఆమె నవ్విందో లేదో నాకు కనబడలేదు,
ముందు వరస టోపీలు అడ్డు.
గిటారతనితో ఏదో అంది. మళ్ళీ మొదలెట్టింది.
ఈసారి ఆ చోటికి రాగానే
తల టక్కున ఎడమకి తిప్పి
నోరు తెరిచి, ఖాళీని పాడింది.
ఈలలకి రేకులు అదిరాయి.

అత్త నా పక్కనే ఉంది. చప్పట్లు కొట్టలేదు.
"ఆ మాటేదో మళ్ళీ చెప్పవే" అంది.
చెప్పాను.
"ముందే అనొచ్చుగా" అంది, నాతో కాదు.
ఇంటికొస్తూ వేయించిన అరటిముక్కలు కొంది,
ఇద్దరికి సరిపడా. అన్నీ తనే తింది.

ఆ రాత్రి కిటికీ రెక్క
తుప్పుపట్టిన బందుల మీద ఎంతసేపు కీచుమందో!
నాన్న పక్క మీంచి లేచి కూర్చున్నాడు,
ప్రొజెక్టర్ బెల్టు జారిందేమోనని.